మనభాషలో పలుకని మన నటుడు

బేగంపేట రైలుస్టేషనులో దిగి అమీరుపేట వైపు నడచువారికి నేడు కానవచ్చునవి మెట్రోరైలు వంతెనలు, అంగళ్లు, పరీక్షలకు శిక్షణ నిచ్చు సంస్థల పేరుపలకలు. ఆ సందడి నడుమ సారథి స్టూడియో యను ప్రాంగణ మొకటి కలదు. 1956లో నెలకొన్న ఈ స్టూడియోయే హైదరాబాదు నగరమున సినిమాలు తీయుటకు ఏర్పడిన మొదటిది. 1959లో వెలువడిన ‘మా యింటి మహాలక్ష్మి’ పూర్తిగా నిచ్చటనే తయారైన తొలి తెలుగుచిత్రము. తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసునుండి హైదరాబాదునకు తరలివచ్చిన కథను మనవారు గర్వముతో చెప్పుకొనుచుందురు. ఆ గర్వము తగినదే. కాని ఈ స్టూడియోకు పునాది పడుటకు ఇరువదియేడేండ్లకు ముందే ఈ నగరమునుండి ఒంటరిగా బయలుదేరి, మూగచిత్రముల కాలమున నటుడై, హిందూదేశమంతట పేరొందిన యొక తెలుగువానిని మాత్రము మనము తగినంతగా తలచుకొనుట లేదు.

ఆయన పేరు పైడి జయరాజు. ఉత్తరదేశమువారికి ఆయన పి. జైరాజ్. 1909 సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమున జన్మించి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1929లో బొంబాయి చేరెను. 2000 ఆగస్టు 11వ తేదీన ఆ నగరముననే కన్నుమూసెను. నడుమ గడచిన డెబ్బది సంవత్సరములలో మూకీలు వచ్చి పోయినవి, టాకీలు వచ్చినవి, రంగులు వచ్చినవి, తెర వెడల్పయినది. ఆయన మాత్రము తెరను విడువలేదు. 1980వ సంవత్సరమునకు భారతప్రభుత్వము చలనచిత్రరంగమున మిక్కిలి గౌరవముగా నెంచు దాదాసాహెబ్ ఫాల్కే బహుమానమును ఆయనకు ప్రసాదించినది. తెలుగువారిలో అంతకుముందు ఆ గౌరవమందినవారు బి. ఎన్. రెడ్డిగా రొక్కరే. అట్టి నటుని కంఠము తెలుగుచిత్రమున వినబడలేదు. ఇందులకు కారణమేమి? దోషము ఆయనదా, మనదా? ఈ ప్రశ్ననే నేడు చదువరుల యెదుట నుంచుచున్నాము.

నగరము విడిచిన కారణము

జయరాజుగారి బాల్యమున చలనచిత్రము తెలుగువారికి బొత్తిగా తెలియని విద్య కాదు. మద్రాసులో రఘుపతి వెంకయ్యగారు సినిమాశాలలు కట్టించి, కుమారుడు ప్రకాశ్‌గారిని విదేశములకు పంపి విద్య నేర్పించిరి. 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ తయారైనది. హైదరాబాదునకును ఆ యదృష్టము కొంతకాలము పట్టినది. నిజాం సంస్థానపు చిత్రకళాశాలలో పనిచేసిన ధీరేంద్రనాథ గంగూలీగారు, 1921లో కలకత్తాలో ‘బిలాత్ ఫేరత్’ అను హాస్యచిత్రమున నటించి పేరుపొందిన పిదప, ఇచ్చటికి మరలివచ్చి లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించిరి. చిత్రములు తీసిరి, ప్రదర్శనశాలలు నడపిరి. 1924లో రజియా బేగము కథతో బొంబాయిలో తయారైన చిత్రమును ఆయన ఇచ్చట ప్రదర్శింపగా నిజాము ప్రభువునకు ఆగ్రహము కలిగినది. రాజ్యము విడిచి పొమ్మని యాజ్ఞ వెలువడినది. కంపెనీ మూతపడినది. హైదరాబాదున చిత్రపరిశ్రమకు మొలక యెత్తిన విత్తనము ఆ విధముగా పెకలింపబడినది.

అప్పటికి జయరాజుగారికి వయస్సు పదునైదేండ్లు. మఱి నాలుగైదేండ్లకు నటనపై మనసుపడిన ఆ యువకునికి సొంతనగరమున తట్టుటకు తలుపే లేకపోయినది. ఒక ప్రభువు కోపము ఒక చిత్రముతో పోదు; తరువాతితరముల వారి యన్నమును గూడ తీసికొనిపోవును. రాజాజ్ఞల ఫలితము ఎంతదూరము పాఱునో చూపుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

ప్రభువును మాత్రము నిందించి ఊరకుండుట న్యాయము కాదు. 1923లో బేగంపేటలో జాగీరుదారుల పుత్రులకై కాలేజీ యొకటి నెలకొల్పబడెను. అదియే 1951నుండి హైదరాబాదు పబ్లిక్ స్కూలయినది. ఇంగ్లీషు చదువు, ఆటలు, ప్రభుత్వపదవులకు దారి – భూవసతిగల ఇండ్లవారు బిడ్డలకు కోరినవి ఇవి. నాటకము చూచుటకు బండ్లు కట్టించుకొని పోయినవారే, తమ యింటి పిల్లవాడు ముఖమునకు రంగు పూసికొందునన్నచో గడప తొక్కవలదనిరి. బళ్లారి రాఘవగారివంటి న్యాయవాదులు రంగమెక్కి ఈ దురభిప్రాయమును కొంత తొలగించిరి. అయినను ‘నాటకాలవాడు’ అను మాట మన యిండ్లలో తిట్టుగానే చెల్లినది. చదువుకొన్న కుటుంబమున బుట్టి, సరోజినీ నాయుడుగారి కుటుంబముతో బంధుత్వముగల యువకుడు ఇరువదియేండ్ల వయస్సున సినిమాకంపెనీల గుమ్మములు తట్టుటకు రైలెక్కుట ఆనాడెంతటి సాహసమో చదువరులే యూహింపగలరు.

మాట లేని నటన

బొంబాయిలో ఆయనకు మొదట లభించినది ‘జగ్‌మగాతీ జవానీ’ (1929) అను మూకీలో చిన్నవేషము. పిమ్మట ‘రసీలీ రాణి’లో నాయకపాత్ర. శారదా ఫిలిం కంపెనీ మున్నగువాటిలో మఱికొన్ని. మొత్తము పదింటికి మించిన మూకీలలో ఆయన నటించెను.

మూకీనటన యనగా నేమో నేటివారికి తెలియుట కష్టము. దీపములపై నమ్మకము లేని ఆ దినములలో చిత్రీకరణ మెక్కువగా ఎండలోనే జరిగెడిది. తెరగుడ్డలతో ఎండను వడకట్టి, మెఱుగురేకులతో నటుని ముఖముపైకి మఱలించెడివారు. కెమెరాను చేతితో త్రిప్పెడివారు. త్రిప్పువాని చేతివేగము మాఱినచో తెరపై నటుని నడకయు మాఱెడిది. పాటలేదు, పద్యములేదు, పలుకులేదు. కనుబొమ, భుజము, చేతివ్రేళ్లు – ఇవే నటుని వాక్కు. కథలో ముఖ్యమైన మాటలను వ్రాతపలకలుగా నడుమనడుమ చూపెడివారు. చదువురాని ప్రేక్షకులకై ఒకడు తెరప్రక్కన నిలిచి బిగ్గరగా చదివెడివాడు. హార్మోనియము, తబలా శాలలోనే మ్రోగెడివి. తెలుగునాట పలకలు తెలుగున, గుజరాతున గుజరాతీలో, ఉత్తరమున హిందీ ఉర్దూలలో నుండెడివి. అందుచేత నటుడు ఏ భాషవాడని యడుగువాడు లేకుండెను. కరీంనగరపు కుఱ్ఱవాడు రాజపుత్రవీరుడుగా గుఱ్ఱమెక్కి దుమికినచో పెషావరునను చప్పట్లు మ్రోగెను, బందరునను మ్రోగెను.

పైగా ఆ కంపెనీలలో కత్తియుద్ధము, గుఱ్ఱపుస్వారి, గోడలు దూకుట, నీటబడుట నటుడు తానే చేయవలసియుండెను. నెలజీతపు కొలువు, ఎముక విఱిగిన నాడు అడుగు నాథుడు లేడు. జయరాజుగారి దృఢశరీరము, చక్కని నిలువు ఈ కాలమున ఆయనకు పెట్టుబడియైనవి. ఏబదియేండ్ల వయస్సున గూడ చారిత్రకవీరుల వేషములకు నిర్మాతలు ఆయననే వెదకికొని వచ్చుటకు అప్పటి సాధనయే కారణమని మా తలంపు.

మాట వచ్చిన పిదప

1931 మార్చి 14వ తేదీన బొంబాయిలో ‘ఆలం ఆరా’ ప్రదర్శితమైనది. తెర నోరు విప్పినది. దానితో అదివరకు నోరు విప్పనక్కఱలేని నటులు పలువురు ఒక్క సంవత్సరమున మూలబడిరి. చూపునకు రాకుమారుడైనవాడు పలికినంతనే పరదేశియని తేలిపోవుచుండెను.

ఈ కష్టము మనదేశమున మాత్రమే వచ్చినది కాదు. ఎమిల్ యానింగ్స్ అను జర్మను నటుడు బెర్లినునగరమున మాక్స్ రైన్‌హార్ట్ నాటకశాలలో పేరొంది, ‘చివరి మానవుడు’ (1924), ‘ఫౌస్ట్’ (1926) మున్నగు మూకీలతో లోకప్రసిద్ధుడై, అమెరికాకు పిలువబడి, ఆ దేశపు ఆస్కార్ బహుమానమును ఉత్తమనటునిగా మొట్టమొదట, 1929లో, అందుకొన్నవాడు. అంతటివానికిని టాకీ రాగానే జర్మను యాస అడ్డమై స్వదేశమునకు మరలక తప్పలేదు. అచ్చట హిట్లరు ప్రభుత్వపు ప్రచారచిత్రములలో నటించి, యుద్ధానంతరము ఆ కళంకముతో తెరకు దూరమై, 1950లో మరణించెను. మాటలేని కళ ఆయనను విశ్వమానవునిగా జేసెను; మాట వచ్చి ఒక దేశపు గోడలనడుమ నిలిపెను.

మఱి జయరాజుగారు నిలిచిన దెట్లు? ఆయన తొలిటాకీ ‘శికారీ’ 1932లోనే వచ్చినది. హిందీచిత్రముల మాట ఆనాడు ఉర్దూకు మిక్కిలి దగ్గఱ. ఆ ఉర్దూ హైదరాబాదువానికి క్రొత్త కాదు. అది సంస్థానపు అధికారభాష, కచ్చేరీలభాష, బజారుభాష. నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమగుటచే ఇంగ్లీషును అలవడెను. తక్కిన దక్షిణాదినటులకు గోడయైనది ఈయనకు తెఱచిన వాకిలియయ్యెను.

ఇక్కడ మన చదువరులు ఒక్కక్షణము నిలువవలయును. నిజాం రాష్ట్రమున తెలుగు పడిన యవమానమును మఱచినవారము కాము. 1921లో వివేకవర్ధినీ నాటకశాలయందలి సభలో తెలుగున ప్రసంగింపబోయిన ఆలంపల్లి వేంకటరామారావుగారిని సభికులు గేలిచేయగా, ఆ బాధనుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ప్రజలలో నధికసంఖ్యాకుల భాషకు బడిలో చోటు లేకపోవుట అన్యాయమే. కాని ఆ రాజ్యపు ఉర్దూయే ఒక తెలుగుబిడ్డకు డెబ్బదియేండ్లు అన్నము పెట్టినది. ద్వేషింపదగినది భాష కాదు. ఒక భాషను మఱియొకదాని నెత్తిపై కూర్చుండబెట్టిన పాలననీతి మాత్రమే. ఈ భేదము నెఱిగి మాటలాడుట భాషాభిమానులమగు మనకు శోభనిచ్చును.

చేసిన పని

1934లో మోహన్ భవ్‌నానీగారు ‘మిల్లు’ అను చిత్రమును తీసిరి. దీనికే ‘మజ్దూర్’ అని మఱియొక పేరు. భవ్‌నానీగారు జర్మనీలో చలనచిత్రవిద్య నభ్యసించి వచ్చినవారు. కథ వ్రాసినది హిందీ నవలాచక్రవర్తి ప్రేమ్‌చంద్. నాయకుడు మన జయరాజు, నాయిక బిబ్బో. మిల్లుయజమానులకును కూలీలకును నడుమ నడచిన తగవు కథావస్తువు. మిల్లులే ప్రాణముగాగల బొంబాయినగరమున ఆ చిత్రమును చూపరాదని సెన్సారువారు నిషేధించిరి. ఇతర రాష్ట్రములలోను ఆటంకములు కలిగినవి. ప్రేమ్‌చంద్ సినిమాలపై విసిగి కాశికి మరలిపోయి 1936లో మరణించెను. పరప్రభుత్వము భయపడిన యీ చిత్రమున కూలీల పక్షమువహించిన కథకు ముఖమైనవాడు తెలుగువాడని మనలో నెందఱెఱుగుదురు?

1934లో హిమాంశు రాయ్, దేవికారాణి దంపతులు మలాడులో బాంబే టాకీస్ స్థాపించిరి. దర్శకునిగా మ్యూనిక్ నగరపు ఫ్రాంజ్ ఆస్టెన్, ఛాయాగ్రాహకునిగా యోసెఫ్ విర్షింగ్ మున్నగు జర్మనులు వచ్చి పనిచేసిరి. 1925లో బుద్ధచరిత్రతో ‘లైట్ ఆఫ్ ఏషియా’ తీసిన ఆస్టెనే 1938లో ‘భాభీ’ చిత్రమునకు దర్శకుడు. అందు నాయకుడు జయరాజు. మఱుసటి యేడు యుద్ధము రాగానే ఆంగ్లప్రభుత్వము ఆస్టెన్‌ను శత్రుదేశీయుడని నిర్బంధించినది. తరువాత ఆయన జర్మనీకి మరలిపోయెను. 1943లో ‘హమారీ బాత్’ చిత్రమున జయరాజుగారు దేవికారాణి సరసన నటించిరి. ఆమె నటించిన చివరిచిత్రమది. ఆమె జన్మించినది మన విశాఖపట్టణపు వాల్తేరునందే. ఫాల్కే బహుమానము మొదటిసారి పొందినది ఆమెయే. తెలుగునేలపై జన్మించిన ఇరువురు బొంబాయి తెరపై, పరభాషలో, జంటగా నిలిచిరన్నమాట.

1945లో ‘ప్రతిమ’ చిత్రమునకు దర్శకుడై యువకుడగు దిలీప్‌కుమారుతో పనిచేయించిరి. 1946లో ‘షాజహాన్’లో సైగల్‌తో కలసి నటించిరి. 1951లో నర్గీస్ నాయికగా ‘సాగర్’ను స్వయముగా నిర్మించి దర్శకత్వము వహించిరి, ఆ సాహసము లాభమీయలేదు. నటుడు నిర్మాతయై సొమ్ము పోగొట్టుకొనుట మన తెలుగునాటను క్రొత్తగాథ కాదు. ఆయన క్రుంగక మరల వేషము కట్టెను. ‘టిప్పు సుల్తాన్’ (1959), ‘వీర దుర్గాదాస్’ (1960), ‘చంద్రశేఖర్ ఆజాద్’ (1963) – ఇట్లు మహమ్మదీయ ప్రభువు, రాజపుత్రవీరుడు, విప్లవయోధుడు మువ్వురును ఒక్క కరీంనగరపువాని దేహమున తెరపై జీవించిరి. మతమును ప్రాంతమును అడుగని ప్రేక్షకులు మువ్వురికిని చప్పట్లు కొట్టిరి. దేశైక్యమును గూర్చి వేదికలపై మనము చేయు నుపన్యాసములకన్న ఇది తక్కువసేవయని చెప్పజాలము.

వయస్సు మీఱిన పిదప ఆయన తండ్రివేషములు, అధికారివేషములు ధరించుటకు వెనుదీయలేదు. ‘షోలే’ (1975)లో పోలీసు అధికారిగాను, ‘డాన్’ (1978)లోను ఆయనను చూచినవారు లక్షలు. ఆ ముదుసలి మూకీలనాటి కథానాయకుడని తెలిసినవారు వేలు. తెలుగువాడని తెలిసినవారు వందలు.

మనము చేయనిది

తెలుగు పలుకగల నటుని తెలుగుచిత్రములు ఏల పిలువలేదు? 1931 ప్రాంతమున మనవారికి సొంతస్టూడియోలు లేకపోగా మొదటి తెలుగుటాకీ ‘భక్తప్రహ్లాద’ను సయితము బొంబాయిలోనే తీసిరి. జయరాజుగారు అప్పుడచ్చటనే యున్నారు. కాని టాకీకి మనవారు వెదకినది రంగస్థలమున పద్యము చదువగల కంఠమును. పిదప పరిశ్రమ మద్రాసున స్థిరపడెను. 1938లో చల్లపల్లి జమీందారుల సారథి సంస్థ ‘మాలపిల్ల’ను వెలువరించినపుడు ఆయన బొంబాయిలో ‘భాభీ’ నాయకుడు. అదే సారథి పేరు ధరించి అమీరుపేటలో స్టూడియో లేచునప్పటికి ఆయనకు నలువదియేడేండ్లు. మద్రాసువారికి ఆయన హిందీనటుడు, హిందీవారికి దక్షిణాదివాడు, హైదరాబాదువారికి వెళ్లిపోయినవాడు. ఎవరును పగబట్టలేదు, ఎవరును పిలువలేదు.

ఇంతకన్న పెద్దనష్టము వేఱొకటి గలదు. హిందూదేశమున తయారైన మూకీలు పదమూడువందలకు మించును. వానిలో నేడు పూర్తిగానో తునకలుగానో మిగిలినవి ఇంచుమించు ముప్పది. ఆ కాలపు ఫిలిము నైట్రేటు పదార్థముతో జేసినది. వేడికి తానే అంటుకొనును, నీటిలోను మండును, కాలము గడచినచో పొడియై రాలును. ప్రదర్శనలు ముగిసిన ఫిలిమును కంపెనీలవారు వెండికై కరగించి అమ్ముకొనిరి. పుణెలో జాతీయ చిత్రభాండారము నెలకొన్నది 1964లో. అప్పటికే సర్వమును కాలిపోయినది, కరగిపోయినది. ఒక నటుని యౌవన మంతయు ఆ పొగలో గలిసినది. కవి పోయినను పద్యముండును, శిల్పి పోయినను రాయియుండును. మూకీనటునికి ఫిలిము పోయినచో మిగులునది పేరొక్కటే. ఆ పేరును గూడ మనము పోగొట్టుకొందుమా?

హైదరాబాదు రవీంద్రభారతిలో చిన్న ప్రదర్శనశాలకు పైడి జయరాజు పేరిడిరి. యువకులు అచ్చట తమ చిన్నచిత్రములను ప్రదర్శించుకొనుచున్నారు. ఇది మంచిపని. కాని ద్వారముపై పేరుండి, లోపల ఆయన చిత్రము లేకున్న ఆ పేరు వట్టి పలకయే యగును. మిగిలియున్న ఆయన టాకీలను తెలుగు వ్యాఖ్యతో ఏటేట ఆ శాలలోను, కరీంనగరమునను ప్రదర్శింపవలయును. ప్రభుత్వము తలచినచో ఇది పెద్దవ్యయము కాదు.

ప్రభుత్వమునకు చెప్పి మనము చేతులు కట్టుకొన నక్కఱలేదు. మన గ్రామములలో, పట్టణములలో పాత సినిమాశాలల యజమానుల యిండ్లు నేటికిని గలవు. అటకలమీద కఱపత్రములు, గోడప్రకటనలు, పాటలపుస్తకములు, ఛాయాపటములు, త్రుప్పుపట్టిన ఫిలిము డబ్బాలు ఎలుకలపాలగుచున్నవి. ఇల్లు మరమ్మతు చేయునాడు అవి చెత్తలోనికి పోవును. ఫిలిము డబ్బా కనబడినచో తెఱచి వెలుతురున కెత్తి చూడవలదు, పొయ్యిదగ్గఱ నుంచవలదు. చల్లనిచోట నుంచి చిత్రభాండారమువారికి తెలుపవలయును. కాగితములను సమీపగ్రంథాలయమున కప్పగింపవలయును. మన పూర్వులు తాళపత్రములను అటకనుండి దింపి అచ్చునకెక్కించినందుననే ప్రాచీనకావ్యములు మనకు మిగిలినవి. ఈ తరమువారికి ఆ తాళపత్రములు ఫిలిము చుట్టలే.

జయరాజుగారు మనలను విడిచిపోయెనని యనుట సరికాదు. తలుపు మూసియున్న యింటినుండి బయటకు నడచిన బిడ్డ ఆయన. తలుపు తెఱచునప్పటికి ఆలస్యమైనది. ఫాల్కే బహుమానము వచ్చిననాడు ఆయన మనవాడని పత్రికలలో వ్రాసికొంటిమి. మేమును అట్లు వ్రాసినవారిలోనివారమే. ఆ మాట నిజము చేసికొను పని యింకను మిగిలియున్నది. అమీరుపేటలో సారథి స్టూడియో గోడవెంట నడచు తెలుగుయువకుడు, ఇచ్చట స్టూడియో లేని దినములలో ఈ ఊరివాడొకడు ఎంతదూరము పోవలసివచ్చెనో తెలిసికొని నడచిన చాలును. మా వ్రాత సార్థకమైనట్లే.